పైడిరాజు కొట్టిన నంబరు

రాఘవయ్య గారి అంబాసిడర్ కారు ఇంజన్ని పైడిరాజు మింగేశాడన్న మాట మొదట బిలాస్‌పూర్ దయాల్‌బంద్‌లో వీధి కుళాయి దగ్గర పుట్టింది. కుళాయి దగ్గర పట్టిన నీళ్ళు ఇంటికి చేరేలోగా తొణికి తగ్గుతాయి గాని, అక్కడ పుట్టిన మాట దారి పొడవునా పెరుగుతుంది. సాయంత్రానికి అది రైల్వే కాలనీ చుట్టి వచ్చింది. మర్నాటికి ఇంకో అంతస్తు లేచింది. పైడిరాజు అసలు ఇంజన్ని తీసి ఎవరికో ఇచ్చేశాడట, దాని చోట తుక్కు కొట్టు నుంచి తెచ్చిన ఇంజన్ బిగించాడట, ఎవరికీ అనుమానం రాకుండా పాత నంబరే దాని మీద చెక్కేశాడట.

"నీకెలగ తెలిసింది?" అని ఎవరన్నా అడిగితే, ఆ వీధిలోనే ఉండే అప్పయమ్మ దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది.

"తెలీడానికేటుంది? వానలు మొదలైనప్పుడు లోపలికెళ్ళిన కారు దసరా ఎల్లిపోయాక బయటికొచ్చింది. అన్నాళ్ళు ఏటి సేసినాడంటావు? దానికి పురుడు పోసినాడా?"

ఆడవాళ్ళు నవ్వారు. వరస చివర బకెట్టు పట్టుకొని ప్రసూన నిలబడి ఉందని అప్పుడు చూశారు. నవ్వు ఆగిపోయింది. అప్పయమ్మ మాత్రం తడబడలేదు.

"నువ్వెప్పుడొచ్చినావే గుంటా? రా, ముందు పట్టుకో. మీ నాన్నకి అన్నం అట్టుకెళ్ళాల కదా."

ప్రసూన పైడిరాజు కూతురు. మాట తక్కువ మనిషి. తల్లి మంచం పట్టిన ఏడు ఇంటర్ మధ్యలో చదువు ఆగింది, తల్లి పోయాక కూడా మళ్ళీ మొదలవలేదు. మాట్లాడని మనిషి ముందు లోకం పెద్దగా జాగ్రత్తపడదు. అందువల్ల ఆమె చెవిన పడని సంగతి ఆ వీధిలో తక్కువే. ఆ రోజు కూడా ఆమె ఏమీ అనకుండా నీళ్ళు పట్టుకొని వచ్చేసింది. మొహమాటం వల్ల అన్నది కొంతే నిజం. 'మా నాన్న అలాంటివాడు కాదు' అనడానికి ఆమెకు నోరు రాలేదు. నంబరు చెక్కడం ఆమె కళ్ళారా చూసింది.

వానలు ఇంకా వెళ్ళని రోజుల్లో, మధ్యాహ్నం కారియర్ పట్టుకొని సిర్గిట్టిలో తండ్రి షెడ్డుకి వెళ్ళింది. పైడిరాజు కారు బానెట్‌లోకి నడుం దాకా వంగి ఉన్నాడు. ఎడమ చేతిలో వేలెడంత ఉక్కు పంచ్, కుడి చేతిలో చిన్న సుత్తి. టక్కుమని ఒక దెబ్బ. ఆ పంచ్ పక్కన పెట్టి ఇంకోటి తీసి మళ్ళీ ఒక దెబ్బ. గుడ్డ మీద అంకెల పంచ్‌లు వరసగా పేర్చి ఉన్నాయి.

"అన్నం అక్కడెట్టమ్మా," అన్నాడు తల ఎత్తకుండానే.

అప్పుడు ఆమె దాన్ని పట్టించుకోలేదు. కుళాయి దగ్గర ఆ మాట విన్నాక టక్కు టక్కుమన్న చప్పుడు చెవిలోంచి పోలేదు.

పైడిరాజు తాత బొబ్బిలి వైపు నుంచి పట్టాలు వేసే పనికి బిలాస్‌పూర్ వచ్చినవాడు. తండ్రి ఇక్కడే బళ్ళకు పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా చేశాడు. పైడిరాజు వ్యాగన్ షెడ్డులో చక్రాల సెక్షన్‌లో ఫిట్టర్‌గా చేరి, తల నెరిసి అక్కడి నుంచే రిటైరయ్యాడు. క్వార్టర్ ఖాళీ చేసి దయాల్‌బంద్‌లో చిన్న ఇంట్లోకి మారిన కొత్తలో ఆయనకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. పక్కింటి గేటు బందులు ఊడదీసి మళ్ళీ బిగించాడు. ఎవరూ అడగకపోయినా వీధిలో బోరింగు విప్పాడు. దాన్ని తిరిగి బిగించేదాకా వీధి వీధంతా నీళ్ళు లేక తిట్టింది. చివరికి భార్యే విసిగి, "ఎక్కడన్నా షెడ్డు సూసుకో, నా ప్రాణం తియ్యకు," అంది. సిర్గిట్టిలో ఒక పప్పు మిల్లు వెనక గోడకు ఆనించి రేకులు వేసుకొని, పాత కార్లు బాగుచేయడం అలా మొదలైంది.

కొత్త బండి వస్తే, "దీనికి కంప్యూటర్ కావాల బాబూ, నా దగ్గర లేదు," అని పంపేసేవాడు. పాత అంబాసిడర్లు, ఫియట్లు, జీపులు మాత్రం ఆయన కోసం వెతుక్కుంటూ వచ్చేవి. పనికి ఎవరినీ పెట్టుకోలేదు. ఇంకొకడి చెయ్యి పడితే తప్పు ఎవరిదో తెలియదని ఆయన వాదన. షెడ్డులో ఆయనా, రేడియో, గోడ అవతల పప్పు మిల్లు హోరూ.

రాఘవయ్య గారిది కరీంనగర్ వైపు. బొగ్గు కంపెనీలో పెద్ద ఆఫీసరుగా చేసి రిటైరై లింగియాడీహ్ వైపు కొత్త ఇల్లు కట్టుకున్నారు. ఆ కారు ఆయన అన్నగారిది. తండ్రి లేని పిల్లాణ్ణి చదివించి పైకి తెచ్చిన అన్న. అన్న పోయాక కారు ఈయన దగ్గరికి లారీ మీద వచ్చింది, ఎందుకంటే అప్పటికి అది నడిచే స్థితిలో లేదు. దాన్ని నడిపించాలని, రాయపూర్‌లో జరిగే పాత కార్ల ప్రదర్శనలో అన్న పేరు రాసిన కార్డుతో నిలబెట్టాలని రాఘవయ్య గారి కోరిక. ఆ ప్రదర్శనలో ముందు వరసలో నిలబడాలంటే కారులో దాని పుట్టు ఇంజనే ఉండాలని నియమం.

కారు పైడిరాజు చేతి నుంచి బాగై వచ్చాక, ప్రదర్శన వాళ్ళు జయప్రకాష్ అనే ఆయన్ని చూసి రమ్మని పంపారు. రాయపూర్‌లోనే పుట్టి పెరిగిన తెలుగువాడు, పాత కార్ల గుట్టు తెలిసినవాడు. ఇంజన్ పక్కన చదునైన చోట కొట్టి ఉన్న నంబరు చదివి, కారు కాగితాలతో సరిచూశాడు. కలిసింది. రాఘవయ్య గారు సంతోషించేలోగా జయప్రకాష్ గొంతు తగ్గించాడు.

"నంబర్ కలిసింది, అంకుల్. కానీ ఇంత పాత బండి మీద మొన్న కొట్టినట్టుంది. ఇంజన్ మార్చేసినవాళ్ళే ఇలా చేస్తారు. ఆ మిస్త్రీకి నంబర్ సంగతి మాత్రం చెప్పకండి. చెప్తే కథ తయారుచేసి పెట్టుకుంటాడు. ఆదివారం సామాను తెచ్చుకొని మళ్ళీ చూస్తాను."

ఈ గుసగుసలను ఆ ఇంట్లో వంట చేసే చిన్నతల్లి వింది. చిన్నతల్లి అప్పయమ్మకు చెల్లెలి వరస. రహస్యం అక్కడితో సరి.

రాఘవయ్య గారు ఒక సాయంత్రం పైడిరాజు ఇంటికి వచ్చారు. కుర్చీ వేసినా అంచు మీదే కూర్చున్నారు.

"పైడిరాజూ, ఒక్క మాట అడుగుత. నిజం చెప్తవా?"

"అడగండి సార్."

"నా బండిల ఉన్నది మా అన్న నడిపిన ఇంజనేనా?"

"అదే సార్."

"ఇంకోటి పెట్టలేదు గద?"

పైడిరాజు ఆయన మొహంలోకి కాసేపు చూశాడు.

"ఏటి సార్, అలగంటన్నారు?"

"అడుగుతున్న. తప్పా?"

"తప్పేటుంది. బండి మీది."

"ఆదివారం పొద్దున పరీక్ష చేసేటాయన వస్తుండు. నువ్వు గూడ రావాలె."

"వస్తాను. అది ఆ ఇంజన్ కాదని తేలితే ఇక నాను పానా ముట్టుకోను, సార్. షెడ్డుకి తాళమెట్టేస్తాను."

లోపల టీ పెడుతున్న ప్రసూనకు ప్రతి మాటా వినబడింది. ఇద్దరిలో ఎవరూ నంబరు ఊసు ఎత్తలేదు. వీధి వీధంతా నంబరు గురించే మాట్లాడుకుంటుంటే, దాని యజమానీ దాన్ని కొట్టినవాడూ దాన్ని తప్పించుకొని మాట్లాడుతున్నారు. రాఘవయ్య గారు దాస్తున్నారంటే అర్థం ఉంది. నాన్న ఎందుకు దాస్తున్నాడు?

ఆయన వెళ్ళాక, కప్పులు తీస్తున్నట్టు వచ్చి అడిగింది.

"నాన్నా, ఆ కారుకి ఏమేం చేశావు?"

"రింగులేసినాను. బేరింగులు మార్చినాను. వాల్వులు రుద్దినాను. గ్యాస్కెట్లు కొత్తవి."

"ఇంకా?"

"ఇంకేటి? మొత్తం శుభ్రం సేసినాను."

ఆమె కప్పులు కడిగి బోర్లించేదాకా ఎదురుచూసింది. ఆయన రేడియో పెట్టుకున్నాడు. నంబరు మాట రాలేదు. చెప్పడానికి దారి ఇచ్చినా చెప్పలేదంటే, అది చెప్పకూడని పనేనని ఆమెకు ఆ పూట ఖాయమైపోయింది.

అప్పటి నుంచి తండ్రిని పరాయివాణ్ణి చూసినట్టు చూడడం మొదలుపెట్టింది. ఆయన ఎవరితో ఫోన్లో మాట్లాడుతున్నాడో చెవి ఒగ్గేది. చొక్కా ఉతికేముందు జేబులు చూసేది. మర్నాడు షెడ్డుకి అన్నం పట్టుకెళ్ళినప్పుడు ఆయన టీ కోసం రోడ్డు మీదికి వెళ్ళి ఉన్నాడు. షెడ్డు మూల పట్టా కప్పిన వస్తువు ఒకటి ఉంది. ఇన్నాళ్ళూ ఉన్నదే, ఇన్నాళ్ళూ ఆమె అడగనిదే. చివర పట్టుకొని లేపింది. మసి, గ్రీజు, పోత ఇనుము. ఒక ఇంజన్.

ఆమె చేతిలోంచి పట్టా జారిపోయింది.

"ఏటమ్మా ఎతుకుతున్నావు?" పైడిరాజు వెనక నిలబడి ఉన్నాడు.

"ఏం లేదు. కారియర్ మూత."

"మూత కారియర్ మీదే ఉంది కదా."

అవునంటూ ఆమె తల దించుకొని వచ్చేసింది. దారంతా, నాన్న గొంతులో అనుమానం ఉందా, నవ్వు ఉందా అని తేల్చుకోలేకపోయింది.

శుక్రవారం నాడు శంకరరావు వచ్చాడు. రైల్వేలో పనిచేసే తెలుగువాళ్ళంతా కలిసి ఏటా చేసే అమ్మవారి పండగకి ఆయన పెద్ద. పండగలో ఊరేగించే ఇత్తడి ఘటాలు ఏడాది పొడవునా పైడిరాజు ఇంట్లోనే ఉంటాయి. తాత నాటి నుంచి వస్తున్న ఆనవాయితీ. వాటిని దాచుకున్న ఇంట్లో మైల మాట, దొంగ మాట వినబడకూడదని పెద్దవాళ్ళు అనుకునేవారు. శంకరరావు గుమ్మం ఎక్కకుండానే మాట్లాడాడు. వెనక రిక్షా ఆగి ఉంది.

"గుడికి రంగులేయిస్తన్నాం కదా పైడిరాజూ. సామానంతా ఒక్క సోట ఉంటే బాగుంటాదని అందరూ అంటన్నారు."

"రంగులేసేది గుడికి కదా శంకరం. ఘటాలు మా ఇంట్లో ఉన్నాయి."

శంకరరావు రిక్షా వైపు చూశాడు. పైడిరాజు తానే లోపలికి వెళ్ళి ఘటాలను ఒక్కొక్కటే తెచ్చి, భుజం మీది తువ్వాలుతో తుడిచి రిక్షాలో దొర్లిపోకుండా కుదురుగా పెట్టాడు. రిక్షా సందు తిరిగాక లోపలికి వచ్చి, ఖాళీ అయిన గూట్లో రాలిన కుంకుమను అరచేత్తో ఊడ్చాడు. ఆ పూట రేడియో పెట్టలేదు.

ప్రసూనకు ఏడుపు రాలేదు. భయం వేసింది. ఆదివారం తనను ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి? చూడలేదంటే అబద్ధం. చూశానంటే షెడ్డుకి తాళం. ఎవరూ అడగకుండా ఉంటే చాలనుకుంది. అయినా, రానని మాత్రం అనలేదు. తన ముందే తేలాలనుకుంది.

ఆదివారం పొద్దున స్కూటర్ మీద ఇద్దరూ రాఘవయ్య గారింటికి వెళ్ళారు. కారు పోర్టికోలో ఉంది. జయప్రకాష్ అప్పటికే చొక్కా చేతులు పైకి మడిచి, బానెట్ ఎత్తి పెట్టి ఉన్నాడు. రాఘవయ్య గారి భార్య వసుంధర గారు ప్రసూనను అరుగు మీద కూర్చోబెట్టి, పళ్ళెంలో మిక్చర్ పెట్టారు. ఆమె ముట్టుకోలేదు.

జయప్రకాష్ కిరసనాయిలు గుడ్డతో నంబరున్న చోటు తుడిచాడు. చిన్న అద్దం పెట్టి చూశాడు. తర్వాత నడుం నిటారుగా చేసుకొని పైడిరాజు వైపు తిరిగాడు.

"పైడిరాజు గారూ, ఈ నంబర్ మీరు మార్చారా?"

"నంబరెందుకు మారుస్తాను బాబూ? ఏ నంబరుందో అదే ఉంది."

"చూసినవా, ఎట్ల మాట్లాడుతున్నడో," అన్నారు రాఘవయ్య గారు. "సూటిగా చెప్పు. మార్చినవా, లేదా?"

"మార్చలేదు."

"మరి మొన్న కొట్టినట్టు మెరుస్తున్నదేంది? నీ షెడ్డుల తప్ప ఇంకెక్కడన్న పెట్టిన్నా నేను బండిని? మా అన్న చెయ్యి పడ్డ ఇంజన్ అని నీకు చెప్పి మరీ ఇస్తి గద."

పైడిరాజు ఏదో అనబోయాడు. రాఘవయ్య గారు ఆపలేదు. పోలీసు ఠాణా మాట వచ్చింది, తెలుగువాళ్ళ పరువు మాట వచ్చింది. ఆ గొంతుకి అడ్డం పడకుండా వసుంధర గారు మెల్లగా ప్రసూన వైపు వంగారు.

"నువ్వు రోజూ షెడ్డుకు పోతవంట గద బిడ్డా. నువ్వేమన్న చూసినవా?"

గట్టిగా అడిగి ఉంటే ఆమె బిగుసుకుపోయేదేమో. అంత మెత్తగా అడిగేసరికి మాట బయటికి వచ్చేసింది.

"చూశానండీ. నాన్న పంచ్ పెట్టి కొట్టాడు."

ఒకటి చెప్పాక రెండోది దాచడం ఆమెకు చేతకాలేదు. "షెడ్డులో పట్టా కింద ఇంకో ఇంజన్ ఉంది," అని కూడా అనేసింది.

పైడిరాజు కూతురి వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. ఏదో అప్పుడే అర్థమైనవాడిలా ఉన్నాడు.

"ఓహో, ఇదా గొడవ," అన్నాడు. "కొట్టినాను సార్. కొట్టలేదని నానెప్పుడన్నాను? మార్చలేదన్నాను. నంబరు తుప్పట్టి సగం మాసిపోయింది. వేలెట్టి తడిమి సూసి, ఏ అంకె మీద ఆ అంకే మళ్ళీ కొట్టినాను."

"ఎందుకు?" అన్నాడు జయప్రకాష్. నిజంగానే అర్థంకాక అడిగాడు.

"ఎందుకేటి బాబూ? సదవలేని నంబరుతో బండిని బయటికి పంపిస్తారా? మా చక్రాల సెక్షన్‌లో ఇరుసు సివర నంబరుంటాది. అరిగిపోతే మళ్ళీ కొట్టి పంపాల. ఆ బండి ఏ ఊరెల్లి ఆగినా అక్కడోడు సదువుకోవాల కదా. కొట్టకుండా ఒగ్గేస్తే సూపర్‌వైజరు అందరి ముందూ నిలబెట్టి దులిపేసేవోడు. శుభ్రం సెయ్యడమంటే అదీ కలిపే."

జయప్రకాష్ నుదురు రుద్దుకున్నాడు. "కార్ల వాళ్ళు దీన్ని దొంగ నంబర్ అంటారు, పెద్దాయనా. పాత నంబర్ ఎంత మాసిపోయినా దాన్ని ముట్టుకోకూడదు."

"మాసిపోతే సదివేదెలగ?"

"కష్టపడి చదువుతాం."

"అదేం పద్ధతి?" అన్నాడు పైడిరాజు. వెటకారం లేదు, ఆశ్చర్యమే ఉంది.

"కథ బాగనే ఉన్నది," అన్నారు రాఘవయ్య గారు. "కథని నమ్మాల్నా?"

"నమ్మొద్దు అంకుల్. ఇనుమునే అడుగుదాం. మీరు ఈ టార్చ్ పట్టుకోండి. ఎదురుగా కాదు, పక్క నుంచి, బాగా వాలుగా."

రాఘవయ్య గారు టార్చ్ పట్టుకున్నారు. జయప్రకాష్ భూతద్దం పెట్టుకొని వంగాడు. అలా వంగినవాడు చాలాసేపు లేవలేదు. ప్రసూన అరుగు మీద నుంచి తెలియకుండానే లేచి వచ్చి నిలబడింది. ఏం చూస్తున్నాడో అతను వంగే చెప్పాడు.

"ఫ్యాక్టరీలో ఈ చోటును మిషన్ మీద చదును చేస్తారు. అప్పుడు వెంట్రుకల్లా సన్నటి గీతలు పడతాయి, ఒకే వైపుకి. ఎవడన్నా వేరే ఇంజన్ తెచ్చి ఈ నంబర్ వెయ్యాలంటే, ముందు దాని సొంత నంబర్‌ని ఆకురాయితో అరగదీయాలి. అరగదీస్తే ఈ గీతలు పోతాయి. మళ్ళీ ఎవడూ గియ్యలేడు." కాస్త ఆగాడు. "గీతలున్నాయి. ఈ చివర నుంచి ఆ చివర దాకా తెగకుండా ఉన్నాయి. అంకెల మధ్య కూడా ఉన్నాయి."

"అయితే?" అన్నారు రాఘవయ్య గారు.

"ఇంకోటి కూడా ఉంది. చూడండి, ఒక్కో అంకెకి రెండేసి అంచులున్నాయి. లోతుగా ఉన్నది కొత్తది. దాని పక్కనే నీడలా ఉన్నది పాతది, కొంచెం పొడుగు రకం. పాత అంకె మీదే కొత్తది పడింది, జరా-సా పక్కకి."

"సూపు తగ్గింది బాబూ," అన్నాడు పైడిరాజు. "కొద్దిగా జరిగుంటాది."

"జరగబట్టే బతికిపోయారు. సరిగ్గా దాని మీదే కొట్టి ఉంటే పాతది కనబడేదే కాదు." జయప్రకాష్ లేచి భూతద్దం తుడుచుకున్నాడు. "ఇంజన్ ఈ బండిదే, అంకుల్. పుట్టినప్పటి నుంచి ఇదే."

రాఘవయ్య గారు టార్చ్ ఆర్పలేదు. తాను కూడా వంగి చూశారు. కనబడిందో లేదో గాని తల ఊపారు. అంతలోనే అనుమానం మళ్ళీ లేచింది. "మరి ఆ పట్టా కిందిదేంది?"

"లింగియాడీహ్ వడ్ల మిల్లోళ్ళది సార్. రిపేరుకిచ్చి మళ్ళీ రాలేదు."

అది కూడా చూడాల్సిందేనన్నారు. అందరూ సిర్గిట్టి వెళ్ళారు. కారు తానే నడుపుకొచ్చిన రాఘవయ్య గారు ముందుగా దిగి, స్వయంగా పట్టా లాగేశారు. జయప్రకాష్ ఒక్కసారి చూసి నవ్వేశాడు.

"ఇది డీజిల్‌ది, అంకుల్. దీనికి స్పార్క్ ప్లగ్గులు పెట్టే చోటే లేదు. దీన్ని మీ కార్లో పెడితే బానెట్ ముయ్యడానికి ఇద్దరు పైన కూర్చోవాలి."

ప్రసూన పట్టా తీసి మళ్ళీ కప్పింది. ఆమెకు ఆ రెండు ఇంజన్లకూ తేడా తెలియదు. తెలియకుండానే అనుమానంలో ఎంత దూరం వెళ్ళిపోయిందో తలచుకుంటే చెవులు వేడెక్కాయి.

మిగిలిన సంగతి జయప్రకాష్ వెళ్ళేముందు చెప్పాడు. ఇంజన్ అసలుదే అయినా నంబరు మళ్ళీ కొట్టినది కాబట్టి కారు ముందు వరసలో నిలబడదు, రెండో వరసలో నిలబెడతారు. రాఘవయ్య గారు కారు బానెట్ మీద చెయ్యి వేశారు.

"కార్డు మీద మా అన్న పేరుంటదా?"

"ఉంటుంది."

"సరే అయితే." తర్వాత పైడిరాజు వైపు తిరిగారు. "నన్ను ఒక్క మాట అడిగితే ఏమైతుండె, పైడిరాజూ? ముట్టకు అంటుంటి."

"నంబరు కొట్టడానికి అడగాలని నాకు తెలీదు సార్. మీరూ నన్ను నంబరు సంగతి అడగలేదు కదా."

ఆయన కారెక్కి వెళ్ళిపోయారు.

ఇంటికి వెళ్ళేటప్పుడు రైల్వే గేటు పడింది. బొగ్గు వ్యాగన్లు నెమ్మదిగా పోతున్నాయి. పైడిరాజు స్కూటర్ ఆపి, కాలు కింద పెట్టి, వాటి చక్రాల వైపే చూస్తూ అడిగాడు.

"నువ్వూ అనుకున్నావా అమ్మా?"

ఆమెకు అబద్ధం చెప్పాలనిపించింది. "అనుకున్నాను," అంది.

"అడగొచ్చు కదా."

"అడిగాను. శుభ్రం చేశానన్నావు."

"అచ్ఛా. అదీ నిజమే," అన్నాడు. గేటు లేచింది.

నిజం తేలింది కాబట్టి మాట ఆగిపోవాలి. ఆగలేదు. కుళాయి దగ్గర అది ఇంకో వైపుకి తిరిగింది.

"పరీచ్చ సేసినోడెవడనుకున్నారు? తెలుగోడేనట," అంది అప్పయమ్మ. "మనోడు మనోణ్ణి పట్టిస్తాడేటి? గీతలట, నీడలట. ఇనుముకి నీడలుంటాయేటే? ఆ గీతలు నీకు కనబడినాయా, నాకు కనబడినాయా?"

శంకరరావు ఇంకా ఘటాలు తిరిగి పంపలేదు. గుడికి రంగులు వేయడం మొదలే పెట్టలేదు. షెడ్డుకి వచ్చే బళ్ళు తగ్గాయి. వచ్చినవాళ్ళు కూడా బండి వదిలివెళ్ళే ముందు ఇంజన్‌కి ఫోన్లో ఫోటో తీసుకుంటున్నారు. పైడిరాజు వాళ్ళు తీసేదాకా పక్కకి తప్పుకొని, తర్వాత పని మొదలుపెడుతున్నాడు.

ఒక మధ్యాహ్నం ప్రసూన కారియర్‌తో సిర్గిట్టి రోడ్డు మీద వెళ్తూ ఒక పెద్ద గ్యారేజీ ముందు ఆగిపోయింది. లోపల ఒక జీపులోంచి ఇంజన్ తీస్తున్నారు. పైన అడ్డంగా లావాటి ఇనుప దూలం. దానికి గొలుసు కప్పీ. ఒకడు గొలుసు లాగుతుంటే ఇంజన్ అంగుళం అంగుళం పైకి లేస్తోంది. ఇద్దరు రెండు పక్కలా పట్టుకొని, తగలకుండా ఊపుతున్నారు. ఇంకొకడు జీపుని వెనక్కి నెడుతున్నాడు. ఆమె ఇంజన్ పూర్తిగా బయటికి వచ్చేదాకా నిలబడి చూసింది. తర్వాత తండ్రి షెడ్డుకి వెళ్ళి, అన్నం గిన్నెలు విప్పుతూ పైకి చూసింది. సన్నటి గొట్టాల మీద రేకులు. గాలి వేస్తే అదిరే రేకులు.

మర్నాడు కుళాయి దగ్గర అప్పయమ్మ మళ్ళీ మొదలుపెట్టింది. వానలు, దసరా, అన్నాళ్ళూ ఏటి సేసినాడంటావు. ప్రసూన బకెట్టు కింద పెట్టింది.

"అత్తా, ఇంజన్ బయటికి తియ్యాలంటే పైన దూలం ఉండాలి, గొలుసు ఉండాలి, నలుగురు మనుషులు ఉండాలి. నాన్న షెడ్డులో ఏముంది? నువ్వు చూశావు కదా."

అప్పయమ్మ తన బిందెను కుళాయి కింది నుంచి పక్కకి జరిపింది. ఆ గుంట నాలుగు మాటలు కలిపి మాట్లాడడం ఆ వీధిలో ఎవరూ విని ఉండలేదు.

"ఉంటే తీసేవోడే కదా," అంది చివరికి, మరీ అంత నమ్మకం లేకుండా.

పైడిరాజు షెడ్డులో దూలం లేదు, గొలుసు లేదు. ఆయన ఒక్కడే కారు కింద గోనెసంచి మీద వెల్లకిలా పడుకొని, ఒక్కో బోల్టూ కింది నుంచే విప్పుకుంటూ పని చేశాడు. అందుకే వానాకాలమంతా పట్టింది. రాఘవయ్య గారి కారులోంచి ఆ ఇంజన్ ఎన్నడూ బయటికే రాలేదు.